అరవై ఐదవ పుట్టినరోజు పన్ను లెక్క

ఫిబ్రవరి మొదటి వారం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏ చిన్న పట్టణానికి వెళ్ళినా పురపాలక గ్రంథాలయంలోనో, చర్చి వెనుకనుండే సమావేశపు గదిలోనో, వృద్ధుల కేంద్రంలోనో ఇంచుమించు ఒకే దృశ్యం కనిపిస్తుంది. నాలుగైదు మడతబల్లలు, ఒక్కొక్క బల్లమీద ఒక కంప్యూటరు, బల్లకు ఇవతల కవర్లలోనూ, ప్లాస్టిక్ సంచులలోనూ కాగితాలు పట్టుకుని కూర్చున్న నెరసిన తలలు. అవతల కూర్చున్న తలలు కూడా చాలావరకు నెరసినవే. అక్కడ ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వరు. రెండు గంటలు గడిచేసరికి ఒకరి ఏడాది సంపాదన లెక్క తేలి, ప్రభుత్వానికి వెళ్ళవలసిన రిటర్ను వెళ్ళిపోతుంది.

అరవై ఐదేళ్ళు దాటిన అమెరికనులలో దాదాపు ఐదుగురికి ఒకరు నేటికీ ఏదో ఒక పని చేస్తున్నారు. పని మీది ప్రీతితో చేసేవారున్నారు. ఇంటి అద్దె, మందుల ఖర్చు వెంట తరుముతుండగా చేసేవారు వారికంటె తక్కువేమీ కాదు. అట్టి వారికి ఆదాయపు పన్ను చట్టం కొన్ని సహాయాలు చేస్తుంది. మరికొన్నింటిని సరిగ్గా అవసరమైన వేళ చేతిలోనుండి లాగివేస్తుంది. ఏది చేస్తుందో, ఏది లాగుతుందో తెలియాలంటే ఒక మనిషి లెక్కను దగ్గరగా చూడాలి.

1960 మధ్యలో పుట్టిన ఒక రాత్రి కాపలాదారుని ఉదాహరణగా తీసుకోవచ్చును. భార్య లేదు, పిల్లలు ఇంట లేరు. వారానికి కొన్ని రాత్రులు ఒక గిడ్డంగికి కాపలా కాసి ఏడాదికి 12,000 డాలర్లు సంపాదిస్తాడు. 2024లో అతని వయస్సు అరవై నాలుగు. అంత తక్కువ సంపాదన మీద ఆదాయపు పన్ను లేదు. ఆ ఏడాది ఒంటరి వ్యక్తికి మొదటి 14,600 డాలర్లు పన్నుకు అందకుండా మినహాయింపు ఉన్నది. అయినా అతని జీతం పూర్తిగా చేతికి రాలేదు. సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కు కలిపి నూటికి 7.65 వంతున 918 డాలర్లు జీతం చీటీలోనే కోత పడింది. ఈ కోతకు మినహాయింపు లేదు. మొదటి డాలరు నుండే మొదలవుతుంది.

ఇక్కడ అతనికి తోడు వచ్చినది ‘ఆర్జిత ఆదాయపు పన్ను క్రెడిట్’ అనే ఏర్పాటు. ఈ క్రెడిట్‌కు, మనకు పరిచితమైన పన్ను మినహాయింపుకు ఉన్న భేదాన్ని ముందుగా గ్రహించాలి. మినహాయింపు అంటే పన్ను వేయదగిన ఆదాయాన్ని తగ్గించేది. క్రెడిట్ అంటే వేసిన పన్నులోనుండి నేరుగా తీసివేసేది. అందులోనూ కొన్ని క్రెడిట్లు పన్ను సున్నా అయ్యేవరకే పనిచేసి ఆగిపోతాయి. మరికొన్ని సున్నా దగ్గర ఆగక, మిగిలిన సొమ్మును ప్రభుత్వమే చెక్కుగా పంపేటట్లు చేస్తాయి. ఆర్జిత ఆదాయపు క్రెడిట్ ఈ రెండవ జాతికి చెందినది. మన దేశపు ఆదాయపు పన్నులో చిన్న ఆదాయాల వారికి లభించే రిబేటు మొదటి జాతిది; పన్ను లేనివానికి అది రూపాయి కూడా తెచ్చిపెట్టదు. కాపలాదారునికి 2024 సంవత్సరానికి ఈ క్రెడిట్ కింద సుమారు 500 డాలర్లు వచ్చాయి. అనగా జీతంలో కోసిన సొమ్ములో సగానికి పైగా వెనుకకు వచ్చినట్లు.

2025లో అతనికి అరవై ఐదు నిండాయి. అదే గిడ్డంగి, అదే జీతం, అదే కోత. క్రెడిట్ మాత్రం సున్నా.

ఇది లెక్కలో పొరపాటు కాదు. పిల్లలు లేని శ్రామికునికి ఈ క్రెడిట్ దక్కాలంటే ఏడాది చివరినాటికి ఇరవై ఐదేళ్ళు నిండి ఉండాలి, అరవై ఐదు నిండి ఉండరాదు. చట్టంలోని మాటే అది. ఈ గీత ఎట్లా వచ్చిందో తెలుసుకుంటే అమెరికా చట్టసభలు వార్ధక్యాన్ని ఏ దృష్టితో చూశాయో అర్థమవుతుంది.

కథ 1970 దశకంలో మొదలయింది. పేద కుటుంబాలన్నిటికీ కనీస ఆదాయాన్ని ప్రభుత్వమే పూచీపడాలని అధ్యక్షుడు నిక్సన్ ప్రతిపాదించగా, సెనేట్ ఆర్థిక సంఘానికి అధ్యక్షుడైన లూసియానా సెనేటరు రస్సెల్ లాంగ్ దానిని గట్టిగా ఎదిరించాడు. పని చేయని వారికి ఊరక ఇవ్వడం కంటె, పని చేసే పేదవానికి అతని జీతంలో కోసిన దానిని తిరిగి ఇవ్వడం మేలని ఆయన వాదం. దానికి ఆయన ‘పని బోనస్’ అని పేరు పెట్టాడు. 1975 మార్చిలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన పన్నుల చట్టంలో అది చోటు చేసుకున్నది. మొదటి 4,000 డాలర్ల సంపాదనపై నూటికి పది, అనగా 400 డాలర్లు గరిష్ఠం; అదీ పిల్లలున్న కుటుంబాలకే. తరువాతి ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా, దానిని పెంచుతూనే వచ్చాయి. 1993లో క్లింటన్ హయాంలో మొట్టమొదటిసారిగా పిల్లలు లేనివారిని కూడా చేర్చారు. 1994లో వారికి గరిష్ఠం 306 డాలర్లు. రేటు నూటికి 7.65గా పెట్టారు. జీతం నుండి కోసే రేటు సరిగ్గా అంతే కావడం యాదృచ్ఛికం కాదు.

ఆ సమయంలోనే వయస్సు గీతలు కూడా గీశారు. అరవై ఐదు దాటినవాడు పింఛను తీసుకునేవాడే గాని పనికి పోయేవాడు కాడని నాటి భావన. ఆ భావనకు అప్పటికే కాలం చెల్లిపోయింది. అంతకు పదేళ్ళ క్రితం, 1983లో, అదే చట్టసభ పూర్తి పింఛను వయస్సును క్రమంగా పెంచుతూ 1960లోనూ, ఆ తరువాతనూ పుట్టినవారికి అరవై ఏడుగా నిర్ణయించింది. కాబట్టి మన కాపలాదారుకు అరవై ఐదు నిండగానే పని బోనస్ పోయింది. పూర్తి పింఛను రావాలంటే 2027 దాకా ఆగాలి. ముందుగానే తీసుకుంటే అది జీవితాంతం తగ్గిపోతుంది. అరవై ఐదు నిండగానే తీసుకుంటే నూటికి పదమూడు వంతులకు పైగా కోత. ఒకే ప్రభుత్వం, ఒకే మనిషిని, ఒక చట్టంలో వృద్ధుడంటున్నది, మరొక చట్టంలో ఇంకా కాలేదంటున్నది. రెండు చోట్లా నష్టం అతనిదే.

ఒక్క ఏడాది మాత్రం ఈ గీత చెరిగింది. కరోనా మహమ్మారి కాలంలో, 2021 సంవత్సరానికి పైవయస్సు నిబంధనను ఎత్తివేసి, పిల్లలు లేనివారికి గరిష్ఠాన్ని 1,502 డాలర్లకు పెంచారు. డెబ్బై ఏళ్ళ బస్సు డ్రైవరుకు, ఎనభై ఏళ్ళ దుకాణపు గుమాస్తాకు ఆ ఒక్క ఏడాది క్రెడిట్ అందింది. 2022లో గీత మళ్ళీ వచ్చింది. దానిని శాశ్వతంగా తొలగించాలని ప్రతిపాదనలు వచ్చాయి గాని 2025 జూలైలో వెలువడిన పెద్ద పన్ను చట్టంలో కూడా ఆ మార్పు లేదు. తిరిగి రావలసిన సొమ్మును మూడేళ్ళలోపల అడగాలన్నది సాధారణ నియమం. అందువలన 2021 నాటి క్రెడిట్‌ను అప్పుడు అడగనివారికి 2025 ఏప్రిల్‌తో ఆ తలుపు మూసుకున్నది.

అయితే అరవై ఐదు దాటిన వారందరికీ ఈ క్రెడిట్ లేదనుకోవడం పొరపాటు. ఎందరో అట్లా అనుకునే నష్టపోతున్నారు. దంపతులు కలిసి రిటర్ను దాఖలు చేసినప్పుడు ఇద్దరిలో ఒకరికి అరవై ఐదు నిండకపోతే చాలు. మరీ ముఖ్యమైనది మనుమల సంగతి. ఇంట పిల్లలున్నవారికి వయస్సు నిబంధనే లేదు, చట్టం దృష్టిలో మనుమడూ మనుమరాలూ కూడా పిల్లలే. ఒక పాఠశాల వంటశాలలో పనిచేస్తూ, తన కూతురు చనిపోగా మిగిలిన ఇద్దరు మనుమలను పెంచుకుంటున్న అరవై ఎనిమిదేళ్ళ అమ్మమ్మ 2024లో 20,000 డాలర్లు సంపాదించి ఉంటే, ఆమెకు రావలసిన క్రెడిట్ 6,960 డాలర్లు. నాలుగు నెలల జీతం కంటె ఎక్కువ! పిల్లలు ఏడాదిలో సగం కంటె ఎక్కువ కాలం ఆమె ఇంట ఉండాలి, అందరికీ సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉండాలి. పిల్లల తల్లి లేక తండ్రి కూడా అదే ఇంట ఉంటే మొదటి హక్కు వారిది. వారు అడగకుండా ఉండి, అమ్మమ్మ ఆదాయం వారి ఆదాయం కంటె ఎక్కువైతేనే ఆమె అడగవచ్చును.

ఈ క్రెడిట్‌కు అర్హులైనవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరు అడగడమే లేదని పన్నుల శాఖ అంచనా. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. ఈ ‘అమ్మ’ అయితే రిటర్ను రూపంలో అడిగితేనే పెడుతుంది. ఆదాయం తక్కువగా ఉండి రిటర్ను దాఖలు చేయవలసిన పని లేనివారు దాఖలు చేయరు. దాఖలు చేయనివారికి క్రెడిట్ రాదు. తప్పుగా అడిగితే మరొక ప్రమాదం: నిర్లక్ష్యంగా అడిగినట్లు తేలితే రెండేళ్ళు, మోసమని తేలితే పదేళ్ళు ఈ క్రెడిట్‌ను అడగకుండా నిషేధిస్తారు. అందువలన భయపడి వదులుకునేవారు కొందరు, రుసుము తీసుకుని రాసిపెట్టేవారి చేతుల్లో పడేవారు మరికొందరు.

వృద్ధుల పేరుతోనే ఉన్న మరొక క్రెడిట్ సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అరవై ఐదు నిండినవారికీ, వికలాంగులకూ ఉద్దేశించిన ఈ క్రెడిట్ మూలాలు 1954 నాటివి. ఇందులోని అంకెలను 1983లో నిర్ణయించారు. ఆనాటి నుండి ధరలు ఎంత పెరిగినా ఆ అంకెలు కదలలేదు. ఒంటరి వ్యక్తి ఆదాయం 17,500 డాలర్లకు చేరితే ఈ క్రెడిట్‌కు అర్హత పోతుంది. ఇది పన్ను సున్నా అయ్యేవరకే పనిచేసే మొదటి జాతి క్రెడిట్. 2025లో అరవై ఐదు నిండిన ఒంటరి వ్యక్తికి సాధారణ మినహాయింపే 17,750 డాలర్లు. అనగా ఈ క్రెడిట్‌కు అర్హుడయ్యేంత పేదవానికి అసలు పన్నే ఉండదు. పన్ను కట్టేవాడు అర్హుడు కాడు. చట్టపుస్తకంలో క్రెడిట్ బ్రతికే ఉన్నది, పుచ్చుకునేవాడు మాత్రం దాదాపుగా లేడు.

2025 చట్టం అరవై ఐదు నిండినవారికి తలకు 6,000 డాలర్ల అదనపు మినహాయింపు ఇచ్చింది. ఇది 2025 నుండి 2028 వరకు నాలుగేళ్ళ పాటు వర్తిస్తుంది. ఒంటరివారి ఆదాయం 75,000, దంపతులది 1,50,000 డాలర్లు దాటితే క్రమంగా తగ్గుతుంది. మంచి పింఛనుతో పాటు ఏదో ఉద్యోగం చేసుకునే మధ్యతరగతి వృద్ధునికి ఇది నిజంగా ఉపకరిస్తుంది. ఉద్యోగపు జీతం కలిసినందువలన సోషల్ సెక్యూరిటీ పింఛనులో కొంత భాగం మీద పన్ను పడేవారికి మరీను. ఆ పన్ను మొదలయ్యే హద్దు ఒంటరివారికి 25,000, దంపతులకు 32,000 డాలర్లు. అవి కూడా 1983లో నాటిన రాళ్ళే, నాటినచోటనే ఉన్నవి. అయితే కాపలాదారు వంటివారికి ఈ కొత్త మినహాయింపు వలన ఒరిగేదేమీ లేదు. పన్నే లేనివానికి మినహాయింపు ఇవ్వడం ఎండిన చెరువుకు తూము కట్టడం వంటిది.

ఈ చిక్కుముడులను ఉచితంగా విప్పిపెట్టేవారే ఆ మడతబల్లల వెనుక కూర్చున్నవారు. రిటైరైనవారి సంఘంగా పేరొందిన ఏ.ఏ.ఆర్.పి. 1968లో నలుగురు స్వచ్ఛంద కార్యకర్తలతో, ఒకే కేంద్రంలో ఈ సేవ ప్రారంభించింది. నేడు దేశమంతటా వేలాది కేంద్రాలున్నవి. సంఘంలో సభ్యత్వం అడగరు. యాభై దాటినవారికీ, ఆదాయం తక్కువగా ఉన్నవారికీ ప్రాధాన్యం. 1978 నాటి రెవెన్యూ చట్టం అరవై దాటినవారికి ఉచితంగా పన్ను సలహా ఇచ్చే సంస్థలకు ప్రభుత్వ సహాయాన్ని కల్పించింది. కార్యకర్తలకు జీతం లేదు. కారు పెట్రోలు వంటి చేతి ఖర్చులు మాత్రం ఇవ్వవచ్చును. ఇది గాక, పన్నుల శాఖ తోడ్పాటుతో అన్ని వయస్సుల వారికీ నడిచే మరొక ఉచిత పథకం ఉన్నది. 2025లో దాని ఆదాయపు హద్దు సుమారు 67,000 డాలర్లు.

ఈ కార్యకర్తలలో రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, గృహిణులు ఉంటారు. ప్రతి ఏటా పన్నుల శాఖ పెట్టే పరీక్షలో ఉత్తీర్ణులు కానిదే ఎవరినీ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. ప్రవర్తనా నియమాలపై వేరొక పరీక్ష. వచ్చినవారు ముందు ఒక ప్రశ్నల పత్రం పూర్తిచేయాలి: ఇంట ఎవరెవరు ఉంటారు, ఎవరి ఖర్చు ఎవరు భరిస్తారు, ఏయే మార్గాల ఆదాయం వచ్చింది. అమ్మమ్మ ఇంట మనుమలున్న సంగతి బయటపడేది ఈ పత్రంలోనే. తరువాత కార్యకర్త ఆ పత్రాన్ని ఎదుట పెట్టుకుని ఒక్కొక్క ప్రశ్నా మళ్ళీ అడుగుతాడు. రిటర్ను తయారైన పిదప రెండవ కార్యకర్త మొదటినుండి సరిచూస్తాడు. డబ్బు తీసుకుని చేసే ఎన్నో దుకాణాలలో ఈ రెండవ చూపు ఉండదు.

వెంట తీసుకుపోవలసినవి ఎక్కువేమీ కాదు. ఫోటోతో గుర్తింపు పత్రం, అందరి సోషల్ సెక్యూరిటీ కార్డులు, యజమాని ఇచ్చిన జీతపు పత్రం, పింఛను పత్రం, బ్యాంకు వడ్డీ పత్రాలు, గత ఏడాది రిటర్ను, సొమ్ము జమకావలసిన ఖాతా నంబరు. దంపతులైతే ఇద్దరూ వెళ్ళడం మంచిది. ఇంగ్లీషు సరిగా రానివారు తమవారినొకరిని వెంటబెట్టుకుపోవచ్చును. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ 15 వరకే చాలా కేంద్రాలు తెరచి ఉంటాయి. ముందుగా సమయం తీసుకోకపోతే మార్చిలో దొరకడం కష్టం. పన్నుల శాఖ 2024లో ప్రవేశపెట్టిన సొంత ఉచిత దాఖలు పద్ధతిని 2026 సీజనుకు ఎత్తివేయడంతో ఈ బల్లల మీద భారం మరికొంత పెరిగింది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతులు దూరపువి కావు. పౌరులైన కొడుకులూ, కూతుళ్ళూ గ్రీన్‌కార్డు మీద రప్పించుకున్న తల్లిదండ్రులలో కొందరు దుకాణాలలోనో, హోటళ్ళలోనో, ఇరుగుపొరుగు పసిపిల్లలను చూసుకుంటూనో నాలుగు డాలర్లు సంపాదిస్తారు. సందర్శక వీసా మీద వెళ్ళినవారికి ఈ ప్రసక్తి లేదు, వారు పని చేయరాదు. గ్రీన్‌కార్డు గల తండ్రి సంపాదన మొదలుపెట్టగానే కొడుకు లెక్క మారుతుంది: 2025లో తండ్రి ఆదాయం 5,200 డాలర్లకు చేరితే కొడుకు ఆయనను తనపై ఆధారపడినవానిగా చూపి 500 డాలర్ల క్రెడిట్ తీసుకోరాదు. హైదరాబాదు బ్యాంకులోని డిపాజిట్ల వడ్డీ, గుంటూరు ఇంటి అద్దె కూడా ఆ ఆదాయంలో కలుస్తాయి. ప్రపంచంలో ఎక్కడ వచ్చినా అమెరికా లెక్కలో చెప్పవలసిందే. భారతదేశపు ఖాతాలలో మొత్తం 10,000 డాలర్లు ఏ ఒక్కరోజు దాటినా వేరే నివేదిక ఇవ్వాలి. దానిని ఉచిత కేంద్రాల కార్యకర్తలు తయారు చేయరు. అది వారి పరిధిలోనిది కాదు. ఆ మాట వారే ముందుగా చెబుతారు.

పసిపిల్లలను చూసుకునే అమ్మగారు ‘చేతి డబ్బే కదా, లెక్కలోకి ఎందుకు’ అనుకోవడం సహజం. స్వయం ఉపాధి మీద నికర ఆదాయం 400 డాలర్లకు చేరితే రిటర్ను ఇవ్వాలి, సుమారు నూటికి పదిహేను వంతుల సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టాలి. కట్టడం బాధే. కాని ఆ కట్టిన పన్ను ఆమె పేరిట జమ పడుతుంది. 2025లో ప్రతి 1,810 డాలర్లకు ఒక యూనిట్, ఏడాదికి నాలుగు మించకుండా. నలభై యూనిట్లు, అనగా పదేళ్ళ పని, పూర్తయితే సొంత పింఛను, నెలవారీ రుసుము లేకుండా మెడికేర్ ఆసుపత్రి బీమా లభిస్తాయి. యూనిట్లు సంపాదించడానికి పైవయస్సు లేదు. భారతదేశంలో ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగం ఈ లెక్కకు పనికిరాదు. రెండు దేశాల మధ్య అట్టి ఒప్పందం లేదు. అరవై రెండవ ఏట అమెరికా చేరిన మనిషికి ఆ పదేళ్ళు ఎంత విలువైనవో వేరే చెప్పనక్కరలేదు.

ఇక కాపలాదారు సంగతి. 2025 సంవత్సరపు కాగితాలతో గ్రంథాలయానికి వెళ్తే, క్రెడిట్ ఈసారి లేదన్న మాట అతడు వినక తప్పదు. అయినా బల్ల అవతలి మనిషి అక్కడితో ఆగడు. జీతపు పత్రంలో రెండవ గడి చూస్తాడు. యజమాని ఆదాయపు పన్ను కింద పట్టుకున్న సొమ్ము ఏదైనా ఉంటే, అతనికి పన్ను లేదు కాబట్టి అది మొత్తం తిరిగి రావాలి, రిటర్ను ఇస్తేనే వస్తుంది. అతడు ఉండేది కాలిఫోర్నియా అయితే ఆ రాష్ట్రపు సొంత ఆర్జిత ఆదాయపు క్రెడిట్‌కు 2018 నుండి పైవయస్సు లేదు, అది అడుగుతాడు. రాష్ట్రం మరొకటైతే అద్దెదార్లకు ఏమైనా ఉన్నదేమో చూస్తాడు. చివరకు యజమానికి ఇవ్వవలసిన ఒక పత్రాన్ని అచ్చువేసి చేతికిస్తాడు: వచ్చే నెల నుండి జీతంలో ఆదాయపు పన్ను పట్టవద్దని కోరే పత్రం. సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంటుంది.